కింది హాలు, ఊదా ముద్ర

డునెడిన్,
10 జూలై 2023

మహారాజశ్రీ తాతయ్యగారి దివ్య సముఖానికి,

మనవడు అభినయ్ సాష్టాంగపడి సమర్పించుకుంటున్న క్షమాపణ. ఈ ఉత్తరంలో దొర్లబోయే అక్షర దోషాలకు, విషయ దోషాలకు, మొదటి పేజీ మీది కాఫీ మరకకు, రెండో పేజీలో నా ప్రమేయం లేకుండానే చోటుచేసుకోబోయే అధిక ప్రసంగానికి, అసలు నేను పుట్టి మీకింత శ్రమ కలిగించినందుకు ముందుగానే తలవంచి మన్నింపు వేడుకుంటున్నాను. ఏ తప్పుకు వేడుకుంటున్నానో ఇంకా నాకే తెలియదు. చేసిన వెంటనే మనవి చేసుకుంటాను.

మీ జూలై రెండు నాటి ఉత్తరం అందింది. ఫోన్ చేసి అడిగితే రెండు నిమిషాల్లో తేలే సంగతి. కానీ జగిత్యాల తహసీలు ఆఫీసులో పదహారేళ్లు ఫైళ్లు నడిపిన మనిషి, ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఆక్లాండ్ శాండ్రింగ్‌హామ్‌లో, ఇక్కడ డైరీ అని పిలిచే చిల్లర దుకాణం నడిపినా సరే, ఫోన్ మాటకు విలువివ్వడని నాకు తెలుసు. "ఫోన్ మాటకు ఫైలు ఉండదు" అని కింద గీత గీసి మరీ రాశారు. పదేళ్ల వయసులో ఈ దేశం వచ్చిన నాకు తెలుగు రాయడం మిగిలిందంటే అది మీ దుకాణం కౌంటర్ వెనుక కూర్చోబెట్టి మీరు రాయించిన కాపీల పుణ్యమే. కాబట్టి రాస్తున్నాను.

నాకు అర్థమైనంత వరకు కేసు ఇది. జనవరి తుపానుకు మౌంట్ రాస్కిల్‌లోని మీ ఇంటి కింది హాలులో మోకాళ్ల దాకా నీళ్లు నిలిచాయి. నానిన గోడపలకలు, నేల చెక్కలు పీకేశారు. బాగుచేయించుకోమని మే నెలలో బీమా కంపెనీ సొమ్ము పంపింది. బిల్డర్ సిద్ధంగా ఉన్నాడు. మీరు మాత్రం ఆ సొమ్ము బ్యాంకులో వేసి తాళం వేశారు. అందులో మూడోవంతు పన్ను కింద పోతుందని, ఖర్చు పెట్టేశాక పన్నుల శాఖ అడిగితే ఎక్కడ తేవాలని మీ భయం. అమ్మమ్మకేమో అక్టోబర్‌లో బతుకమ్మ ఉంది. పదకొండేళ్లుగా నలభై మంది ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ తిరిగిన హాలు ఇప్పుడు ఉత్త సిమెంటు. "టాక్సేషన్ చదువుతున్నావు కదా, ఉన్నదున్నట్టు రాయి" అన్నారు.

ఉన్నదున్నట్టు: పన్ను లేదు. మీరుండే ఇల్లు దెబ్బతింటే, బాగుచేసుకోమని ఇచ్చిన బీమా సొమ్ము ఆదాయం కాదు. రేపే బిల్డర్‌ను పిలవండి.

హీటర్ ముందు ఒక పక్క కాలి, రెండో పక్క గడ్డకడుతున్న మీ మనవడు,
అభినయ్


మౌంట్ రాస్కిల్, ఆక్లాండ్,
తేది 19–7–2023

చిరంజీవి అభినయ్‌కు తాతయ్య కిష్టయ్య ఆశీర్వదించి వ్రాయునది.

విషయం: బీమా సొమ్ము, పన్ను గురించి.
సూచిక: నీ ఉత్తరం, తేది 10–7–2023.

పై విషయమై నీ జవాబు అందినది. ఫైలులో పెట్టినాను. అందులో క్షమాపణ అర పేజీ, సమాచారం మూడు వరుసలు ఉన్నవి. ఇకముందు ఈ లెక్క తారుమారు చేయగలవు.

నీ జవాబుతో నేను ఏకీభవించలేకపోతున్నాను. నువ్వు ఈ దేశానికి రాకముందు, 2011లో, మన దుకాణంలో ఫ్రీజర్ చెడిపోయి ఐస్‌క్రీమ్ అంతా కరిగినది. బీమా వాళ్లు పైసలిచ్చినారు. సంవత్సరాంతంలో మన అకౌంటెంట్ సుబ్బారావు ఆ పైసలను ఆదాయంలో చేర్చినాడు. పోయిన సరుకుకు ఇచ్చిన పైసలు ఆదాయమెట్లా అవుతాయని అడిగితే "రూల్ అంతే కిష్టయ్యగారూ" అన్నాడు. అప్పటికే ఆ పైసలతో కొత్త ఫ్రీజర్ కొన్నాను. పన్ను కట్టడానికి మీ అమ్మమ్మ ఇండియా టికెట్టు రద్దు చేయవలసి వచ్చినది. ఆ ఏడు వాళ్ల చెల్లెలి కూతురి పెండ్లి. ఆమె ఆ మాట ఇంతవరకు ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు ఇంత భయం ఉండకపోవును.

కావున ఐస్‌క్రీమ్‌కు ఉన్న పన్ను నేలకు ఎందుకు లేదో వివరించగలవు. అంతవరకు బిల్డర్‌ను రావద్దన్నాను.

ఇట్లు,
కిష్టయ్య

బిడ్డా అభీ, మీ తాత కవరు మూస్తుండంగ గుంజుకొని రాస్తున్న. హాబ్సన్‌విల్ ఇంద్రజ మొన్న గుడిల కలిసింది. "ఈసారి బతుకమ్మ మా ఇంట్ల పెట్టుకుందాం ఆంటీ, మా హాలు నేల కింద కరెంటు తీగలున్నయి, కాళ్లకు ఎచ్చగుంటది" అన్నది. మంచిదే బిడ్డా అని నవ్విన. ఇంటికచ్చి సిమెంటు జూసినంక నవ్వు రాలే. తాతకు చెప్పకు. నువ్వు స్వెటర్ ఏసుకుంటున్నవా?
లక్ష్మీబాయి


డునెడిన్,
28 జూలై 2023

ఐస్‌క్రీమ్ కేసులో వాది అయిన తాతయ్యగారికి,

మీ ఆదేశం ప్రకారం క్షమాపణను ఈ ఒక్క వాక్యానికి కుదించాను.

ఐస్‌క్రీమ్ మీ దుకాణం సరుకు. కరగకపోతే అమ్మేవారు. అమ్మితే వచ్చేది ఆదాయం. దాని బదులుగా వచ్చిన బీమా సొమ్మూ ఆదాయమే. సుబ్బారావు గారు నిర్దోషి, పన్నెండేళ్లుగా మీరు ఆయన మీద పెట్టుకున్న కోపాన్ని ఈ ఉత్తరంతో కొట్టివేయడమైనది. ఇక కింది హాలు నేల సంగతి. దాన్ని మీరు కోన్లలో పెట్టి పిల్లలకు అమ్మబోతున్నారా? లేదు కదా. అమ్మమ్మ దాని మీద నడుస్తుంది, తిరుగుతుంది, మీరు కాళ్లు కడుక్కోకుండా వస్తే తిడుతుంది. ఇందులో వ్యాపారం ఎక్కడుంది? ఉన్న నేల పోయింది, పోయిన నేల తిరిగొస్తోంది. మీరు ధనవంతులు కాలేదు, యథాస్థితికి వస్తున్నారంతే.

ఒకదానికి మాత్రం పన్ను తప్పకుండా పడుతుంది. మీరు భయపడి ఆ సొమ్ము బ్యాంకులో దాచారు చూడండి, దాని మీద వచ్చే వడ్డీకి. అంటే పన్ను తప్పించుకోవడానికని ఈ మొత్తం వ్యవహారంలో పన్ను పడే పని మీరొక్కరే చేశారు.

ఈ వివరణలో కొంత భాగం లాస్య అనే నా క్లాస్‌మేట్‌తో చర్చించగా తేలింది. మిగతా భాగం కూడా.

అమ్మమ్మా, రెండు స్వెటర్లు వేసుకుంటున్నాను. ఒకదాని మీద ఇంకొకటి.

మీ
అభినయ్


మౌంట్ రాస్కిల్,
తేది 7–8–2023

చిరంజీవి అభినయ్‌కు ఆశీస్సులు.

సూచిక: నీ ఉత్తరం, తేది 28–7–2023.

ఐస్‌క్రీమ్ వాదన బలంగా ఉన్నది. ఒప్పుకుంటున్నాను. వడ్డీ సంగతి చదివి రెండు రోజులు అన్నం సహించలేదు. సుబ్బారావుకు ఫోన్ చేసి పండుగకు పిలిచినాను. ఎందుకు పిలిచినానో అతనికి అర్థం కాలేదు.

అయితే నీ ఉత్తరంలో ఒక పెద్ద లోపం ఉన్నది. ముద్ర లేదు. ముద్ర లేని కాగితం మీద నేను పదహారేళ్లలో ఒక్క పైసా విడుదల చేయలేదు. మా తహసీల్దారు సొంత బావమరిదిని కూడా వెనక్కి పంపినాను. పన్నుల శాఖ వాళ్లు రేపు ఇంటికి వచ్చి "ఎవరు చెప్పినారు" అంటే, మనవడు చెప్పినాడని చూపడానికి నా దగ్గర ఏమున్నది? అంత పెద్ద యూనివర్సిటీలో గుండ్రని ముద్ర ఒకటి ఉండకపోదు. ఊదా రంగుదైతే మంచిది. ముద్ర అందిన రోజే బిల్డర్‌ను పిలిచెదను.

ఇట్లు,
కిష్టయ్య

అభీ, ఇంద్రజ తనింటి బతుకమ్మకు కార్డులు అచ్చేయిస్తదట. ఇంకో నెల జూస్తనన్నది. నేను కిటికీ కాడి కోఫై చెట్టు జూస్తున్న. మన తంగేడు లెక్కనే పచ్చగ పూస్తది, ఈసారి మొగ్గ మంచిగ పట్టింది. గా లాస్య ఎవరు? ఏ ఊరోళ్లు?


డునెడిన్,
16 ఆగస్టు 2023

ధ్రువీకరణ పత్రం

మౌంట్ రాస్కిల్ నివాసి శ్రీ కిష్టయ్య గారు తాము స్వయంగా నివసించు ఇంటిని బాగుచేయించుకొనుటకు పొందిన బీమా సొమ్ము ఆదాయము కాదనియు, దానిపై పన్ను లేదనియు, సదరు సొమ్మును నేల, గోడలు, రంగులు మొదలగు వాటిపై నిర్భయముగా ఖర్చు చేయవచ్చుననియు ఇందుమూలముగా తెలియజేయడమైనది. ముద్ర కింద చూడగలరు.

అభినయ్

అమ్మమ్మకు ప్రత్యేకం: లాస్య వాళ్లది నిజామాబాద్, ఇప్పుడు క్రైస్ట్‌చర్చ్‌లో ఉంటారు. ఇంతకు మించిన వివరాలకు విడిగా దరఖాస్తు పెట్టుకోగలరు.


మౌంట్ రాస్కిల్,
తేది 30–8–2023

చిరంజీవి అభినయ్‌కు అనేక ఆశీస్సులు.

పత్రము అందినది. ముద్ర చూసి నా కండ్లు చల్లబడినవి. గుండ్రంగా, ఊదా రంగులో, మధ్యలో పక్షి. రాజముద్రలో జంతువో పక్షో ఉండడం అన్ని దేశాలలో ఉన్నదే. అంచులు ఎక్కడా చెదరలేదు, ఇంకు సమానంగా పట్టినది. ఈ రోజుల్లో ఇంత శ్రద్ధగా ముద్ర వేసేవాళ్లు లేరు. వేసిన ఉద్యోగికి నా అభినందనలు తెలుపగలవు.

బిల్డర్ పోయిన వారం సోమవారమే మొదలుపెట్టినాడు. గోడపలకలు పూర్తయినవి. సగం నేల పడినది. మీ అమ్మమ్మ చెప్పులు విడిచి ఆ సగం మీద అటూ ఇటూ నడుస్తున్నది.

ఇంకొక శుభవార్త. నీ పత్రము నకళ్లు తీయించి గుడిలో పంచినాను. నాతో రోజూ కొండ మీదికి నడకకు వచ్చే రంగస్వామి నీకు తెలుసు. నాలుగు తరాల కింద ఫిజీ చెరుకు తోటలకు పోయిన తెలుగువాళ్లు. హెండర్సన్‌లో ఆయన కిరాయికిచ్చే ఇల్లు ఒకటి అదే తుపానులో మునిగినది. కిరాయిదారు వెళ్లిపోతే, ఆరు నెలల కిరాయి బదులు బీమా వాళ్లు ఆయనకు పైసలిచ్చినారు. దానికీ పన్ను లేదని నీ పత్రము చూపి చెప్పినాను. ఆయన ఆ పైసలతో భార్య రమీలాను, కుటుంబం మొత్తాన్ని ఫిజీ తీసుకపోవాలని చూస్తున్నాడు. ఇంకా ఆరుగురు పెద్దమనుషులు ముద్ర కోసం ఎదురు చూస్తున్నారు. ఆరు కవర్లు ఇందుతో జతపరచడమైనది.

ఇట్లు,
కిష్టయ్య

అభీ, నేల మంచిగున్నది. ఇంద్రజకు చెప్పిన. కార్డులు ఆపింది.


డునెడిన్,
7 సెప్టెంబర్ 2023

తాతయ్యకు,

ఈ ఉత్తరంలో క్షమాపణ లేదు, బిరుదులు లేవు. దీన్నిబట్టి తీవ్రత గ్రహించగలరు.

రంగస్వామి తాతకు పన్ను ఉంది. ఆయన ఆ హెండర్సన్ ఇంట్లో ఉండరు, దాన్ని అద్దెకిస్తారు. అద్దె వచ్చి ఉంటే అది ఆదాయం. అద్దె బదులు వచ్చిన బీమా సొమ్మూ ఆదాయమే. ఆయనది నేల కాదు తాతయ్యా, ఐస్‌క్రీమ్. టికెట్లు కొనకముందే చెప్పండి. గుడిలో పంచిన నకళ్లు దయచేసి వెనక్కి తీసుకోండి. నా పత్రం మీ ఒక్కరి ఇంటికే వర్తిస్తుంది. ఆ ఆరుగురిని ఎవరి అకౌంటెంట్ దగ్గరికి వాళ్లను వెళ్లమనండి. ఆరు కవర్లూ తిప్పి పంపుతున్నాను.

మీ నేల పని మాత్రం ఆపకండి.

అభినయ్


మౌంట్ రాస్కిల్,
తేది 16–9–2023

అభినయ్‌కు,

నీ ఉత్తరం రంగస్వామికి చదివి వినిపించినాను. ఆయన నవ్వి, "భయ్యా, ముద్ర ఉన్న కాగితం ఒకటి చెప్తాది, ముద్ర లేని కాగితం ఇంకొకటి చెప్తాది. నువ్వు ఆఫీసులో పనిచేసినోడివి, ఏది పెద్దదో నువ్వే చెప్పు" అన్నాడు.

ముద్ర ఉన్న కాగితాన్ని ముద్ర లేని కాగితం రద్దు చేయజాలదు. ఇది నేను నా కింది గుమాస్తాలకు నేర్పిన మొదటి పాఠం. రెండు కాగితాలు ఒక్కతీరుగా లేనప్పుడు ఏదో ఒకటి తప్పు. మొదటిదే తప్పయితే నా సంగతేమిటి? ఫ్రీజర్ నాటి వలె మళ్లీ మీ అమ్మమ్మ టికెట్టు రద్దు చేయించలేను. కావున రెండవ ఉత్తరం మీద కూడా అదే ముద్ర వేయించి పంపగలవు. అంతవరకు బిల్డర్‌ను ఆపినాను. సగం నేల పడి ఉన్నది, సగం లేదు.

కిష్టయ్య


మౌంట్ రాస్కిల్,
సెప్టెంబర్ 27

బిడ్డా అభీ,

ఈసారి కవరు నాదే. మీ తాత నీ జవాబు కోసం పది రోజులు పోస్టు డబ్బ కాడ నిలవడ్డడు. నువ్వు రాయవైతివి. ఎందుకు రాయలేదో నువ్వే ఎరుక. ఇంద్రజ మళ్ల ఫోన్ జేసింది. "సగం నేల మీద సగం మందిమి ఆడుదామా ఆంటీ" అన్నది. ఎక్కిరించలేదు, నిజంగనే అడిగింది. గప్పుడు నాకు కోపమచ్చింది.

పన్నుల ఆఫీసుకు నేనే ఫోన్ జేసిన. ముప్పావు గంట పాటలినిపిచ్చిండ్రు. స్పీకర్ల పెట్టి సకినాలు సుట్టుకుంట కూసున్న. రెండు పళ్లాలు అయినంక ఒకామె మాట్లాడింది. నా ఇంగ్లీషు నీకెరికే. "ఓన్ హౌస్, వి లివ్, ఫ్లోర్ గాన్, ఇన్సూరెన్స్ మనీ, టాక్స్ ఆర్ నో టాక్స్" అన్న. ఆమె నాలుగు ముచ్చట్లడిగింది. కింద ఎవలన్న కిరాయికి ఉంటున్నరా, దుకాణం నడుస్తున్నదా అని. లేదమ్మా, బతుకమ్మ ఆడుతమన్న. అదేందో ఇనిపిచ్చుకున్నది. మనం ఉండే ఇల్లు మనం బాగుజేసుకునే పైసలకు పన్ను లేదని జెప్పింది. కిరాయి బదులచ్చిన పైసలకు ఉన్నదని గూడ జెప్పింది. రెండు సార్లు అడిగి రెండు సార్లు జెప్పిచ్చుకున్న.

మీ తాత దర్వాజల నిలవడి, పేరు రాసుకో, తేది రాసుకో, టైము రాసుకో అని సైగలు జేస్తనే ఉన్నడు. అన్ని క్యాలెండర్ కాగితం ఎనుక రాసిన. ఆయన సదువుకున్నడు. "ముద్ర ఏది లక్ష్మీ" అన్నడు.

పిండిల పసుపు కలిపిన చెయ్యి. బొటనవేలు కాగితం మీద ఒత్తిన. "ఇగో, ముద్ర" అన్న.

కండ్లద్దాలు పెట్టుకొని జూసిండు. కాగితం తీస్కపోయి ఫైల్ల పెట్టి, బిల్డర్‌కు ఫోన్ జేసిండు. గా ఫోన్ మాటకు ఫైలు అడగలే.

రంగస్వామి పన్ను పైసలు పక్కకు పెట్టిండు, ఫిజీ పోవుడు క్రిస్మస్‌కు జరుపుకున్నడు. రమీలాకు కోపం పోలే గని బతుకమ్మకు అస్తనన్నది. గా లాస్య పిల్లను కూడ పంపు. నువ్వు రాకున్న మంచిదే.

మీ అమ్మమ్మ


మౌంట్ రాస్కిల్,
తేది 25–10–2023

చిరంజీవి అభినయ్‌కు ఆశీస్సులు.

విషయం: ఒకటి, బతుకమ్మ. రెండు, సంజాయిషీ.

ఒకటి. సద్దుల బతుకమ్మ మన కింది హాలులో దివ్యంగా జరిగినది. యాభై మూడు మంది వచ్చినారు. చెట్టుకు మిగిలిన చివరి కోఫై పూలు మీ అమ్మమ్మ నిచ్చెన ఎక్కి కోసినది, నేను నిచ్చెన పట్టుకున్నాను. ఇంద్రజ కాళ్లకు చల్లగా ఉన్నదని సాక్సులు వేసుకొని, అందరికంటే ఎక్కువసేపు ఆడినది. సుబ్బారావు మూడుసార్లు మలీద ప్రసాదం పెట్టించుకున్నాడు. చివరికి బతుకమ్మను పెరట్లో పిల్లల ప్లాస్టిక్ తొట్టిలో ఓలలాడించినాము. ఈ ఏడు మన ఇంటికి నీళ్లు రావడం ఇది రెండవసారి. ఈసారి మేము రమ్మంటే వచ్చినవి.

నీకు పరీక్ష ఉన్నందున రాలేదు. లాస్యకు పరీక్ష అయిపోయినందున వచ్చినది. మీ అమ్మమ్మ ఆమెను వదలలేదు. ఆ పిల్లకు టాక్సు విషయం క్షుణ్ణంగా తెలుసు. నీకు ఎంత తెలుసునని అడిగితే వంటింట్లోకి వెళ్లిపోయినది.

రెండు. నీ ఆగస్టు పత్రమును ఫ్రేము కట్టించవలెనని జిరాక్సు దుకాణంలో నాలుగింతలు పెద్దది చేయించినాను. పెద్దది చేయగా పక్షి కింద చిన్న అక్షరాలు బయటపడినవి. తొమ్మిది కొంటే పదో కప్పు ఉచితం అని ఉన్నది. ఈ శాఖ ఏదో నాకు తెలియలేదు. లాస్యను అడిగితే ఆమెకు టీ పొలమారినది. ఏడు రోజులలో లిఖితపూర్వకంగా సంజాయిషీ ఇవ్వగలవు.

ఇట్లు,
కిష్టయ్య


డునెడిన్,
31 అక్టోబర్ 2023

తాతయ్యకు,

జూలైలో నేను ముందస్తుగా చెల్లించిన క్షమాపణ మీ ఫైలులో మొదటి కాగితంగా ఉంటుంది. ఇప్పుడు దాన్ని వాడుకుంటున్నాను.

టాక్సేషన్ పేపరు నేను మార్చిలో, రెండో వారంలోనే వదిలేశాను. దాని బదులు నాటకరంగం తీసుకున్నాను. నా భాష చూసి మీకీ పాటికి అనుమానం వచ్చి ఉండాలి. ఆ పేపరు చదివింది లాస్య. జూలైలో నేను రాసిన మూడు వరుసలు ఆమెవి. ఐస్‌క్రీమ్, నేల, వడ్డీ, అన్నీ ఆమెవే. కోన్లు మాత్రం నావి. రంగస్వామి తాత సంగతి వినగానే నా చేతిలో కలం పెట్టి కూర్చోబెట్టింది కూడా ఆమే. సెప్టెంబర్‌లో మీరు రెండో ముద్ర అడిగినప్పుడు నిజం రాయడానికి నాలుగుసార్లు కూర్చున్నాను. రాస్తే మొదటి ముద్ర పోతుంది, దానితో మీ ధైర్యం పోతుంది, సగం నేల సగంగానే ఉండిపోతుంది. రాయకపోతే రంగస్వామి తాత చిక్కుల్లో పడతారు. నేను ఎటూ తేల్చుకోలేక పోస్టాఫీసు ముందు నుంచి నడిచి వెళుతున్న రోజుల్లో, అక్కడ అమ్మమ్మ సకినాలు చుడుతూ రెండూ తేల్చేసింది. ఈ కుటుంబంలో చెల్లుబాటయ్యే ముద్ర ఆ పసుపు వేలిదొక్కటే. ఫ్రేము కట్టిస్తే దాన్ని కట్టించండి.

అంటే పన్ను చదివింది లాస్య, కనుక్కున్నది అమ్మమ్మ, నేల వేసింది బిల్డర్, అమ్మమ్మ టికెట్టును పన్నెండేళ్లు మనసులో మోసింది మీరు. నేను పొద్దున పూట పనిచేసే కాఫీ షాపులో, కొన్న కప్పుకొకటి చొప్పున గిరాకీల కార్డుల మీద వేసే ఆ పక్షి ముద్ర డబ్బాలో ఉంటుంది. ఆగస్టు పదహారున, షాపులో ఎవరూ లేనప్పుడు, దాన్ని తీసి ఊదా ఇంకులో అద్ది, మీరు మెచ్చుకోవాలని ఊపిరి బిగబట్టి, అంచు చెదరకుండా మీ కాగితం మీద ఒత్తాను. మొత్తం వ్యవహారంలో నేను నిజంగా చేసిన పని అదొక్కటే.

అభినయ్